బెంగళూరులో నత్తితో ఉద్యోగం, కాపురం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి బెంగళూరుకు ఉద్యోగానికి వచ్చేవాళ్లలో నత్తి ఉన్నవాళ్లూ ఉంటారు. నేనూ అలా వచ్చినవాడినే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, చిన్నప్పటి నుంచీ నత్తి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు, ఊళ్లో ఉన్న వాళ్ల అమ్మానాన్నలు, ఆఫీసులో పక్క సీటువాళ్లు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. నేను స్పీచ్ థెరపిస్టును కాను. వైద్యం సంగతి వచ్చినచోట వాళ్ల దగ్గరికే పొమ్మంటాను.

నత్తి ఎందుకు వస్తుంది? చిన్నప్పుడు జడుసుకుంటే వస్తుందా?

జడుపు వల్ల రాదు. ఏం చెప్పాలో మనిషికి తెలుసు. ఆ మాట బయటికి రావాలంటే ఊపిరి, గొంతు, నాలుక, పెదవులు సరిగ్గా సమయానికి కదలాలి. ఆ టైమింగ్ దగ్గరే తేడా వస్తుంది. మెదడు స్కాన్లతో చేసిన పరిశోధనల్లో, ఎడమవైపు మాటకు సంబంధించిన భాగాలను కలిపే దారుల్లో తేడాలు కనిపించాయి. వంశంలో నడుస్తుందని మన పెద్దవాళ్లు అనేది ఊరికే కాదు. 2010లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పరిశోధకులు పాకిస్తాన్ కుటుంబాలను పరిశీలించి, నత్తితో ముడిపడిన జన్యుమార్పులను మొదటిసారి గుర్తించారు. అయితే ఆ మార్పులు కొద్దిమందిలోనే ఉంటాయి, అందరి నత్తికీ అవే కారణం కాదు.

సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. నూటికి 5 నుంచి 8 మంది పిల్లలకు ఏదో ఒక దశలో వస్తుంది, వాళ్లలో ఎక్కువమందికి పోతుంది కూడా. పెద్దవాళ్లలో సుమారు నూటికి ఒకరికి మిగులుతుంది. వాళ్లలో ఆడవాళ్ల కంటే మగవాళ్లు దాదాపు నాలుగు రెట్లు. టెన్షన్ ఉన్న నత్తిని పెంచుతుంది కానీ లేని నత్తిని పుట్టించదు. ఎడమచేతి వాటాన్ని మాన్పించడం వల్ల వస్తుందనే పాత సిద్ధాంతం ఒకటి 1930ల్లో అమెరికాలో బాగా నడిచింది, తర్వాత నిలబడలేదు.

మా అబ్బాయికి ‘ర’ పలకదు. అదీ నత్తేనా?

మనవాళ్లు దాన్ని కూడా నత్తి అనేస్తారు. అది ఉచ్చారణ సమస్య, దాని థెరపీ వేరు. ఇక్కడ చెబుతున్నది మాట ఆగిపోవడం గురించి. ‘ప-ప-పని’ అని మొదటి అక్షరం మళ్లీ మళ్లీ రావడం, ‘స్‌స్‌సరే’ అని సాగడం, లేదా నోరు కదులుతున్నా అసలు శబ్దమే రాకపోవడం. ఈ మూడోదాన్ని బ్లాక్ అంటారు. చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది కాబట్టి దీన్నే ఎక్కువగా అపార్థం చేసుకుంటారు.

పాట పాడితే రాదు, ఎక్కాలు చెబితే రాదు. మరి మాట్లాడితేనే ఎందుకు?

బడిలో క్లాసంతా కలిసి పదమూడో ఎక్కం అరిచేటప్పుడు నత్తి ఉన్న పిల్లాడు అందరికంటే గట్టిగా చెబుతాడు. అదే పిల్లాణ్ణి ఒక్కణ్ణే లేపి ‘పదమూడు నాలుగులు ఎంత?’ అంటే నిలబడిపోతాడు. మాస్టారు ‘ఇప్పుడే కదరా చెప్పావు, వేషాలా?’ అంటారు. వేషం కాదు. నలుగురితో కలిసి పలికేటప్పుడు, పాడేటప్పుడు మాటకు బయటి నుంచి తాళం దొరుకుతుంది, నత్తి దాదాపు మాయమవుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, కుక్కతోనో చంటిపిల్లతోనో మాట్లాడేటప్పుడు కూడా చాలామందికి రాదు. ఒకరోజు బాగా మాట్లాడి మర్నాడు అసలు మాట పెగలకపోవడం కూడా నత్తి స్వభావమే. ‘నిన్న బాగానే మాట్లాడావుగా’ అనేవాళ్లకు ఇదే నా జవాబు.

వస అరగదీసి నాకిస్తే, గులకరాళ్లు నోట్లో పెట్టుకుని చదివితే పోతుందా?

పోదు. మన ఇళ్లలో వస కొమ్ము అరగదీసి పిల్లల నాలుకకు రాస్తారు, ఎక్కువ మాట్లాడేవాళ్లను వసపిట్ట అంటాం. ఆ నమ్మకం మీద గౌరవం ఉంచుకోవచ్చు. కానీ వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, దాని విషగుణం కారణంగానే అమెరికా 1968లో వసను ఆహార పదార్థాల్లో వాడకుండా నిషేధించింది. పిల్లలకు రోజూ రాయడం మంచిది కాదు. గులకరాళ్లు గొంతులో ఇరుక్కుంటే నత్తి కంటే పెద్ద ప్రమాదం.

నాలుక కింద పొర కోయించినా నత్తి పోదు. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరుమోసిన సర్జన్ నత్తి పోగొడతానని నాలుక మొదట్లో ముక్క కోశాడు. మత్తుమందు కూడా లేని రోజులవి. లోపం నాలుకలో లేదన్నది తేలడానికి చాలామంది నాలుకలు బలయ్యాయి.

‘పదిహేను రోజుల్లో నత్తి మాయం, గ్యారంటీ’ అనే మందుల ప్రకటన కనిపిస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన దేశంలో డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. ఫలానా జబ్బులను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు అనే జాబితా అది. అందులో నత్తి పేరు ఉంది. నత్తికి ఆమోదం పొందిన మందు ఇప్పటిదాకా లేదు.

మరి థెరపీ వల్ల ఉపయోగం ఏమిటి? బెంగళూరులో ఎక్కడికి వెళ్లాలి?

పెద్దవాళ్లకు థెరపీ రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి మాట తీరునే మార్చడం: మొదటి అక్షరాన్ని మెత్తగా అందుకోవడం, అచ్చులను కాస్త సాగదీయడం. క్లినిక్‌లో బాగా వస్తుంది, సోమవారం ఆఫీసు మీటింగులో గాలికి పోతుంది, మళ్లీ సాధన చెయ్యాలి. రెండోది నత్తిని ఆపకుండా, అది వచ్చినప్పుడు బిగుసుకుపోకుండా బయటపడటం నేర్చుకోవడం. 20వ శతాబ్దం మధ్యలో చార్లెస్ వాన్ రైపర్ అనే అమెరికన్ దీన్ని వృద్ధి చేశాడు, ఆయనకే నత్తి ఉండేది. నాకు ఈ రెండో దారే పనికొచ్చింది. చాలామంది థెరపిస్టులు రెండూ కలిపి, దాంతోపాటు భయం, సిగ్గు మీద కౌన్సెలింగ్ కూడా చేస్తారు.

ఈ రెండో దారిలో ఒక చిత్రమైన అభ్యాసం ఉంది, కావాలని నత్తిగా మాట్లాడటం. దర్శినిలో, అంటే బెంగళూరులో నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్లో, కౌంటర్ దగ్గర నిలబడతాం. వెనక పదిమంది, అందరికీ తొందర. బిల్లు కొట్టే ఆయన తల ఎత్తకుండానే ‘హేళి’ (చెప్పండి) అంటాడు. మామూలుగా అయితే సులువుగా వచ్చేదేదో చెప్పి తప్పుకుంటాం. ఇప్పుడు అలా కాదు, ‘మ-మ-మ-మసాలె దోసె’ అని మనమే సాగదీసి అంటాం. ఆయన తల ఎత్తి చూస్తాడు, టోకెన్ చింపి ఇస్తాడు, ‘నెక్స్ట్’ అంటాడు. అంతే. ఇన్నేళ్లు భయపడింది ఈ మూడు సెకన్లకా అనిపిస్తుంది. నవ్వేవాళ్లూ ఉంటారు, ఉండరని చెప్పను. కానీ నవ్వినా దోసె వస్తుంది.

మెదడు, మానసిక జబ్బుల పెద్దాస్పత్రి నిమ్‌హాన్స్‌లో స్పీచ్ పాథాలజీ విభాగం ఉంది. లింగరాజపురంలో డాక్టర్ ఎస్.ఆర్. చంద్రశేఖర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది. మైసూరులో ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ 1965లో మొదలైన కేంద్రప్రభుత్వ సంస్థ, బెంగళూరు నుంచి పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. ప్రైవేటు క్లినిక్‌కు వెళ్తే, థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడిగితే కోప్పడే చోటికి మళ్లీ వెళ్లకండి.

ఇంటర్వ్యూలో ముందే చెప్పాలా, దాచాలా?

నా సలహా, చెప్పండి. మొదటి నిమిషంలోనే, క్షమాపణ లేకుండా. ఇంగ్లిష్ ఇంటర్వ్యూ అయితే ‘ఐ స్టామర్, సో సమ్ వర్డ్స్ మే టేక్ మీ ఎ లిటిల్ లాంగర్’ చాలు. తెలుగువాళ్లు ఉంటే ‘నాకు నత్తి ఉందండీ, కొన్ని మాటల దగ్గర ఆగుతాను, జవాబు తెలియక కాదు’ అనండి. ఇలా మామూలుగా చెప్పినప్పుడు వినేవాళ్లు ఆ మనిషిని మరింత సానుకూలంగా చూస్తారని, ‘సారీ, ఏమనుకోకండి’ అంటూ చెబితే ఆ మేలు తగ్గుతుందని పరిశోధనల్లోనూ కనిపించింది. ఇంకో లాభం కూడా ఉంది. చెప్పేశాక దాచే పని ఉండదు, బుర్ర ప్రశ్న మీద ఉంటుంది.

చెప్పినా ఉద్యోగం ఇవ్వనివాళ్లు ఉంటారు. ఒక కంపెనీలో టెక్నికల్ రౌండ్లు రెండూ పాసయ్యాక, హెచ్.ఆర్. నా రెజ్యూమె మూసేసి ‘మాది క్లయింట్ ఫేసింగ్ టీమ్’ అంది, అంటే కస్టమర్లతో నేరుగా మాట్లాడే టీమ్ అని. అంతకుముందు రౌండ్లో అదే టీమ్ మేనేజరు నాతో గంటసేపు మాట్లాడాడు.

కాలేజీ పిల్లలకు ఇప్పుడు పెద్ద గండం కంప్యూటరే మార్కులు వేసే స్పీకింగ్ టెస్టులు. విని, వెంటనే తిరిగి చెప్పాలి, ఆగితే మార్కు కట్. పరీక్షకు ముందే ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ద్వారా ఈమెయిల్ పెట్టించి, అదనపు సమయమో మనిషి తీసుకునే రౌండో అడగండి. మాటతో కాదు, రాతపూర్వకంగానే. రికార్డు ఉంటుంది.

స్టాండప్ మీటింగులో నా వంతు వచ్చేసరికి గుండె గొంతులోకి వస్తుంది. ఏం చెయ్యాలి?

స్టాండప్ అంటే టీమ్‌లో ఒక్కొక్కరూ తమ పని గురించి రెండు ముక్కలు చెప్పే రోజువారీ చిన్న మీటింగు. పన్నెండు మంది టీమ్‌లో మనది తొమ్మిదో వంతు అనుకోండి. ఎనిమిది మంది చెప్పింది ఒక్క ముక్క చెవికెక్కదు, మన రెండు వాక్యాలే లోపల తిప్పుకుంటుంటాం. తీరా వంతు వచ్చాక నోరు బిగుసుకుంటుంది. దీనికి పనికొచ్చినవి చెబుతాను. మొదటో రెండో వంతు అడిగి తీసుకోండి. ఎదురుచూపు తగ్గితే బిగువు సగం తగ్గుతుంది. లీడ్‌కు విడిగా చెప్పండి, ‘నేను ఆగితే నెట్‌వర్క్ పోయిందనుకోకండి, మ్యూట్‌లో ఉన్నావా అని అడగకండి’ అని. కాల్‌లో బ్లాక్ వస్తే అందరూ అడిగేది అదే. వీడియో ఆన్ చేసి ఉంచితే పెదవులు కదలడం కనిపిస్తుంది. అన్నీ చాట్‌లో రాసేయడం మాత్రం అలవాటు చేసుకోవద్దు. ఆరు నెలలకు మీ పని చేసింది ఎవరో కూడా ఎవరికీ గుర్తుండదు.

అన్నిటికంటే కష్టం సొంత పేరు. ఏ మాటకైనా ఇంకో మాట దొరుకుతుంది, పేరుకు దొరకదు. కొందరు ఇంటిపేరుతోనో ముద్దుపేరుతోనో బండి లాగిస్తారు. ఎదుటివాళ్లు ‘పేరు మర్చిపోయావా?’ అని జోకు వేస్తారు. ఈ జోకు వేసే ప్రతివాడూ తనే మొదట కనిపెట్టాననుకుంటాడు.

నేను కష్టమైన మాట రాగానే వేరే మాట వాడి నెట్టుకొస్తున్నాను. ఎవరికీ తెలియదు. అలా కొనసాగితే తప్పేమిటి?

తప్పు కాదు, ఖరీదు ఎక్కువ. బెంగళూరు పెద్ద బస్టాండు మెజస్టిక్‌లో 335ఇ బస్సు ఎక్కినవాడు దిగాల్సింది మారతహళ్లిలో. ‘మ’ దగ్గర ఆగుతుందని ముందే తెలుసు. కండక్టరు ‘ఎల్లిగె?’ (ఎక్కడికి?) అంటాడు. రెండు సెకన్లు చూసి, కన్నడ రాదనుకుని హిందీలో అడుగుతాడు, తర్వాత తెలుగులో. మూడు భాషల్లోనూ జవాబు గొంతు దగ్గరే ఉంటుంది. చివరికి ‘కుందలహళ్లి’ అని, దాటాక వచ్చే స్టాపుకు టికెట్ తీసుకుని మారతహళ్లిలో దిగుతాడు. డబ్బు పెద్దది కాదు. కానీ అలాంటి లెక్కలు రోజంతా నడుస్తుంటాయి. ఏ హోటల్లో ఏం ఆర్డర్ చెయ్యాలి, ఎవరికి ఫోన్ కాకుండా మెసేజ్ పెట్టాలి, మీటింగులో తెలిసిన జవాబు చెప్పాలా మింగాలా, ప్రమోషన్ వస్తే టీమ్‌తో మాట్లాడాలి కాబట్టి వద్దనాలా. ఇలా దాచేవాళ్లను చూసి ‘నీకు నత్తా? ఎప్పుడూ గమనించలేదే’ అంటారు. ఆ మెచ్చుకోలు కోసం పడే కష్టం నత్తి కంటే ఎక్కువ. నేను చూసినంతలో ఉద్యోగాల్లో వెనకబడింది నత్తి ఎక్కువగా ఉన్నవాళ్లు కాదు, దాన్ని బాగా దాచగలిగినవాళ్లు.

దాచడం మానడానికి ఒకేసారి అన్నిచోట్లా మొదలుపెట్టక్కర్లేదు. ముందు కండక్టరు దగ్గర. ఆయన మళ్లీ కనబడడు.

నా టీమ్‌లో నత్తి ఉన్న అబ్బాయి ఉన్నాడు. నేనెలా ఉండాలి?

వాక్యం పూర్తి చెయ్యకండి. సాయమనే అనుకుంటారు, కానీ సగంసార్లు తప్పు మాట అందిస్తారు, అప్పుడు దాన్ని కాదనడానికి ఇంకో నాలుగు మాటలు కావాలి. ‘నిదానంగా, రిలాక్స్’ అనకండి. చూపు తిప్పుకోకండి, జాలిగా కూడా చూడకండి. అతను చెప్పేది పూర్తయ్యాక దానికి జవాబివ్వండి. హృతిక్ రోషన్‌కు పోయింది, బైడెన్ అమెరికా అధ్యక్షుడయ్యాడు అని ఉదాహరణలు చెప్పకండి, మాకు తెలుసు.

నత్తికి వికలాంగ సర్టిఫికెట్ వస్తుందా?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, అందులో ‘మాట, భాషా వైకల్యం’ ఒకటి. కానీ నిర్వచనం శాశ్వత వైకల్యం అంటూ, స్వరపేటిక తీసేయడం, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట పోవడం) లాంటివాటిని ఉదాహరణగా చెబుతుంది. నత్తి పేరు లేదు. రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. అందుకే సర్టిఫికెట్ సులువుగా రాదు, దాని మీద ఆశతో ప్లాన్లు వేసుకోవద్దు.

అయినా చట్టం పనికిరాదని కాదు. 40 శాతంతో నిమిత్తం లేకుండా, దీర్ఘకాలిక లోపం వల్ల అందరితో సమానంగా పాల్గొనడానికి అడ్డంకులు ఎదుర్కొనే వ్యక్తిని కూడా అది వికలాంగుల నిర్వచనంలోకి తెస్తుంది. 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. మీ కంపెనీ ఇంట్రానెట్‌లో అది ఉంటుంది, వెతకండి. ప్రెజెంటేషన్‌కు అదనపు సమయం, ఫోన్‌కు బదులు వీడియో లాంటివి అడిగేటప్పుడు ఆ పేజీని ఈమెయిల్‌కు జతచేస్తే పని త్వరగా అవుతుంది.

పెళ్లి సంబంధాల్లో ఎప్పుడు చెప్పాలి?

అబ్బాయి ఫొటో, ప్యాకేజీ, వైట్‌ఫీల్డ్ ఫ్లాట్ అన్నీ పంపి, నత్తి సంగతి మాత్రం ‘పెళ్లయ్యాక వాళ్లకే అలవాటవుతుందిలే’ అనే పెద్దవాళ్లున్నారు. పెళ్లిచూపుల్లో అబ్బాయిని రెండు మాటలతో ముగించమంటారు. ‘మావాడు మితభాషి’ అని మధ్యవర్తి అందుకుంటాడు. అమ్మాయిలకు ఇంకా కష్టం, అక్కడ బిడియం అని సర్దేస్తారు. దయచేసి ఇలా చెయ్యకండి. మొదటి ఫోన్‌లోనే మీరే చెప్పండి, పెద్దవాళ్ల ద్వారా కాదు. ఆ ఒక్క కారణానికే వెనక్కి వెళ్లే సంబంధం ముందే వెళ్లిపోవడం మేలు.

‘పిల్లలకూ వస్తుందా?’ అని వాళ్లు తప్పక అడుగుతారు. నత్తి లేని ఇంటికంటే అవకాశం ఎక్కువ, కానీ రావాలనేం లేదు, వచ్చినా చాలామందికి పోతుంది అని ఉన్నదున్నట్టు చెప్పండి.

మా పాపకు మూడేళ్లు. ఇంట్లో తెలుగు, ప్లేస్కూల్లో ఇంగ్లిష్, కింద పిల్లలతో కన్నడ. భాషలు ఎక్కువై నత్తి వచ్చిందా? తెలుగు మానెయ్యాలా?

మానకండి. ఎక్కువ భాషలు వినడం వల్ల నత్తి రాదు. ఇంటి భాష తీసేస్తే అమ్మమ్మతో మాట్లాడే దారి పోతుంది, నత్తి మాత్రం పోదు. నత్తి ఆరు నెలలకు మించి ఉన్నా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా, పాప కళ్లు మూసుకుని ముఖం బిగించి మాటను తోస్తున్నా వెంటనే థెరపిస్టుకు చూపించండి. బడికి వెళ్లే వయసులోపు పిల్లలకు లిడ్‌కోంబ్ అనే పద్ధతి ఉంది, ఆస్ట్రేలియాలో మొదలైంది. అందులో థెరపిస్టు నేర్పిస్తే ఇంట్లో తల్లో తండ్రో చేస్తారు. ‘పెద్దయితే అదే పోతుంది’ అని ఆగడం కొందరి విషయంలో నిజమవుతుంది, ఎవరి విషయంలోనో ముందు తెలియదు.

ఇంట్లో వెక్కిరించనివ్వకండి. ‘వెక్కిరిస్తే నీకూ వస్తుంది’ అని పిల్లలను భయపెట్టేదీ వద్దు, అది అబద్ధం, పైగా పాప చెవిన పడితే తనకున్నది అంటురోగమనుకుంటుంది.

నత్తి ఎప్పుడూ లేదు, నలభై ఏళ్లకు హఠాత్తుగా మొదలైంది. ఏం చెయ్యాలి?

ఈ పేజీ మూసేసి ఆస్పత్రికి వెళ్లండి. పక్షవాతం, తలకు దెబ్బ, కొన్ని మందుల వల్ల కూడా మాట తడబడవచ్చు. మూతి వంకర పోవడమో చెయ్యి పట్టు తప్పడమో కూడా ఉంటే ఒక్క నిమిషం ఆగొద్దు.

అత్యవసరమై ఫోన్ చెయ్యాలంటే మాట రాదేమోనని భయం. ఆటో ఓటీపీ చెప్పడానికే ఇబ్బంది.

ఓటీపీకి ఫోన్ స్క్రీన్ చూపించండి, డ్రైవర్లకు అలవాటే. అత్యవసరానికి 112 ఇండియా యాప్ ముందే వేసుకుని రిజిస్టర్ చేసుకోండి, బటన్ నొక్కితే సమాచారం వెళ్తుంది. బ్యాంకు కాల్ సెంటర్ వాళ్లు మాట రాకపోతే పెట్టేస్తారు. కాల్ కలవగానే ‘ఐ స్టామర్, ప్లీజ్ హోల్డ్’ అనండి, అదీ రాదనిపిస్తే అదే వాక్యం ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి.

నాలాంటివాళ్లను కలవాలని ఉంది. గ్రూపులున్నాయా?

ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్, టీసా అంటారు, దేశమంతటా స్వయంసహాయక బృందాలను నడుపుతుంది, బెంగళూరులోనూ ఉంది. అక్కడ ఎవరూ ఎవరికీ వైద్యం చెయ్యరు. చుట్టూ కూర్చుని వంతులవారీగా మాట్లాడతారు, ఒకరి పేరు రావడానికి నిమిషం పట్టినా అందరూ ఆగుతారు. తెలుగువాళ్లు తప్పకుండా తగులుతారు. అక్టోబరు 22న అంతర్జాతీయ నత్తి అవగాహన దినం, ఆ వారంలో సమావేశాలు ఎక్కువ. మొదటిసారి వెళ్లినప్పుడు ఊరికే వినివచ్చినా సరే, మాట్లాడమని ఎవరూ బలవంతపెట్టరు.